రహస్యానికి ఐదు పాయింట్లు

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులు రాసే వ్యాసాల్లో సాధారణంగా కష్టపడి చదవాలనీ, సమయం వృథా చేయకూడదనీ ఉంటుంది. ఆ మాటలు మీకు పొద్దున స్టడీ అవర్లోనూ, రాత్రి స్టడీ అవర్లోనూ వినపడుతూనే ఉంటాయి కాబట్టి నేను మళ్ళీ చెప్పను. నేను ఒక ఆట గురించి రాస్తాను. దీనికి మైదానం అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నలుగురైదుగురు మనుషులు, ఒక నోటు పుస్తకం, పెన్సిళ్ళు, వైకుంఠపాళిలో వాడే పాచికలు మూడు ఉంటే చాలు. ఈ ఆటలో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడటం అంటూ ఉండదు. అయినా ఒకసారి కూర్చున్నామంటే భోజనం గంట కొట్టినా లేవబుద్ధి కాదు.

దీన్ని ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. మనం పాత్రల ఆట అనుకుందాం. అందులో సూపర్ హీరోల పాత్రలతో ఆడే రకం ఒకటుంది. 2010 నుంచి నేను ఆడుతున్నదీ, ఇతరుల చేత ఆడిస్తున్నదీ అదే.

ఆట ఎలా ఉంటుంది?

బుర్రకథ చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బుర్రకథలో మధ్యన కథకుడు ఉంటాడు, అటూ ఇటూ వంతలు ఉంటారు. కథకుడు చెబుతుంటే వంతలు ప్రశ్నలు వేస్తారు, హాస్యమాడతారు. కానీ వాళ్ళు ఎన్ని ప్రశ్నలు వేసినా కథ ముగింపు మారదు. పాత్రల ఆటలో వంతలు ప్రశ్నలు వేసి ఊరుకోరు, నేరుగా కథలోకి దిగిపోతారు.

ఒకరు ఆట నడుపుతారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. నడిపేవాడు పరిస్థితి చెబుతాడు. ‘ఊళ్ళో పెద్ద భవనం మూడో అంతస్తులో మంటలు. పైన ఎవరో కేకలు పెడుతున్నారు. నువ్వేం చేస్తావు?’ ఆడేవాడు తన పాత్ర ఏం చేస్తుందో చెబుతాడు. ఆ పని అవుతుందో కాదో సందేహం ఉంటే పాచికలు వేస్తారు. అయితే కథ ఒక దారిన పోతుంది, కాకపోతే ఇంకో దారిన పోతుంది. ముగింపు ఎవరికీ ముందుగా తెలియదు. నడిపేవాడికి కూడా తెలియదు.

ఈ రకం ఆటల్లో మొదట అచ్చయి పేరు తెచ్చుకున్నది 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారు. అందులో కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉంటాయి. మూడేళ్ళకే, 1977లో, ‘సూపర్‌హీరో 2044’ వచ్చింది. ఆ తర్వాత సూపర్ హీరోల ఆటలు వరుసగా వచ్చాయి. వాటి నియమాల పుస్తకాలు చదువుతుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. ప్రతి పుస్తకమూ నిజానికి ఒకే ప్రశ్నకు జవాబు చెబుతోంది. హీరో దేనితో తయారవుతాడు?

హీరో దేనితో తయారవుతాడు?

1979లో జెఫ్ డీ, జాక్ హెర్మన్ కలిసి ‘విలన్స్ అండ్ విజిలాంటీస్’ అనే ఆట రాశారు. అందులో మొదటి నియమమే విచిత్రంగా ఉంటుంది. నువ్వు ఆడే పాత్ర నువ్వే. నీ బలం, ఓర్పు, చురుకుదనం, తెలివి, ఆకర్షణ ఎంతో అంచనా వేసి అంకెలు రాసుకోవాలి. ఆపైన పాచికలు వేసి ఏ శక్తులు పడితే అవి తీసుకోవాలి. దాంతోపాటు ఒక బలహీనత కూడా పాచికే ఇస్తుంది. అంటే శక్తి ఎక్కడి నుంచో వచ్చి పడినా, దాన్ని మోసే మనిషి మాత్రం రోజూ అద్దంలో కనబడే మనిషే.

1981లో జార్జ్ మెక్‌డొనాల్డ్, స్టీవ్ పీటర్సన్ రాసిన ‘ఛాంపియన్స్’ వచ్చింది. ఇందులో పాత్ర తయారీలో అదృష్టానికి చోటు లేదు. కిరాణా కొట్లో సరుకులు కొనుక్కున్నట్టు శక్తుల్ని పాయింట్లు పెట్టి కొనుక్కోవాలి. ఎగరడానికి ఇన్ని, బలానికి ఇన్ని అని ధరలుంటాయి. 1989లో వచ్చిన నాలుగో కూర్పులో మామూలు హీరోకు ఊరికే ఇచ్చేవి 100 పాయింట్లు. చాలకపోతే ఇంకో 150 దాకా సంపాదించుకోవచ్చు. ఎలా? నీ హీరోకు ఇబ్బందులు రాయడం ద్వారా. వెంటబడే శత్రువు, కాపాడుకోవాల్సిన మనిషి, ఎవరినీ చంపనన్న ఒట్టు, ఒంటికి పడని వస్తువు, దాచుకోవాల్సిన రహస్యం, ఇలా ఒక్కోదానికి ఇన్ని పాయింట్లని లెక్క ఉంది. మొత్తం 250లో 150 ఇబ్బందుల నుంచే వస్తాయి. నూటికి అరవై వంతులన్నమాట. ఆ లెక్క మొదటిసారి చూసినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచనలో పడ్డాను.

అయితే ఇక్కడ ఒక షరతు ఉంది. హీరోని నిజంగా ఇబ్బంది పెట్టని ఇబ్బందికి పాయింట్లు రావు. ‘మా హీరోకు చంద్రుడి మీద నడిస్తే కళ్ళు తిరుగుతాయి’ అని రాస్తే కుదరదు, ఎందుకంటే కథ చంద్రుడి మీదకు పోదు. ఇబ్బంది ఎంత తరచుగా వస్తుందో కూడా ముందే రాయాలి. ఆట మొదలయ్యే ముందు నడిపేవాడు మూడు పాచికలు వేస్తాడు. మూడింటి మొత్తం 8 లేక అంతకు తక్కువ పడితే వచ్చే ఇబ్బంది ఒక రకం, 11 దాకా వచ్చేది ఇంకో రకం, 14 దాకా వచ్చేది మరో రకం. లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్ళు వేసి చూడండి. మూడు పాచికలు పడే విధాలు మొత్తం 216. అందులో 8 లోపు పడేవి 56, 11 లోపు పడేవి 135, 14 లోపు పడేవి 196. అంటే మొదటి రకం సుమారు నాలుగు ఆటల్లో ఒకసారి వస్తుంది, రెండోది ఎనిమిదింట ఐదుసార్లు, మూడోది పది ఆటల్లో తొమ్మిదిసార్లు. పదో తరగతి సంభావ్యత పాఠం నాకు ఈ ఆట వల్లే బాగా అర్థమైంది, కాకపోతే పదో తరగతి పాసైన ఏడేళ్ళకు.

1984లో వచ్చిన ‘మార్వెల్ సూపర్ హీరోస్’ ఆటలో మన మాటే ఒకటి ఉంది, కర్మ. మంచి పని చేస్తే కర్మ పాయింట్లు పెరుగుతాయి. అవసరమైనప్పుడు వాటిని ఖర్చు పెట్టి పాచిక ఫలితాన్ని మెరుగు చేసుకోవచ్చు. హీరో ఎవరినైనా చంపాడంటే కూడబెట్టిన కర్మ మొత్తం పోతుంది. 2002లో స్టీవ్ కెన్‌సన్ రాసిన ‘మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్’ వచ్చింది. దాని 2005 కూర్పులో చిక్కులకు ముందుగా ఏమీ ఇవ్వరు. ఆట మధ్యలో ఆ చిక్కు వచ్చి నిన్ను నిజంగా బాధపెట్టినప్పుడే ఒక హీరో పాయింటు చేతిలో పెడతారు. ఛాంపియన్స్‌ది అడ్వాన్సు పద్ధతి అయితే, ఇది ఏ రోజు కూలి ఆ రోజు ఇచ్చే పద్ధతి.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది 2016లో బ్రెండన్ కాన్వే రాసిన ‘మాస్క్స్’. అందులో హీరోలందరూ మీ వయసు పిల్లలు. వాళ్ళకు బలం ఇంత, తెలివి ఇంత అని అంకెలుండవు. ఐదు పేర్లుంటాయి. ప్రమాదకారి, వింతవాడు, రక్షకుడు, మేటి, మామూలువాడు. ప్రతి పేరు పక్కనా ఒక అంకె. పెద్దవాళ్ళెవరైనా వచ్చి ‘నువ్వు ఇలాంటివాడివి’ అని గట్టిగా అంటే ఆ అంకెలు కదులుతాయి. ఒకటి పెరుగుతుంది, ఇంకొకటి తగ్గుతుంది. ‘నీతో ఎప్పుడూ గొడవే’ అంటే ప్రమాదకారి అంకె పైకి, రక్షకుడి అంకె కిందికి. ఇష్టం లేకపోతే ఆ మాటను ఒప్పుకోను అని పాచికలు వేసి ఎదిరించవచ్చు. ఎదిరిస్తే ప్రతిసారీ నెగ్గుతావన్న నమ్మకం లేదు. బడిలోనూ, బస్సులోనూ, పెళ్ళి పందిట్లోనూ ‘వీళ్ళు హాస్టల్ పిల్లలు’ అన్న మాట ఎన్ని రకాల గొంతులతో వినిపిస్తుందో మనకు తెలుసు. ఆ మాటకు లోపల అంకెలు కదులుతాయని ఎవరో దూరదేశంలో కూర్చుని నియమంగా రాశారు. ఒప్పుకోకుండా ఉండటానికి కూడా ఒక నియమం రాశారు.

రహస్యం అనే గడి

సూపర్ హీరోకు రెండు బతుకులుంటాయి. ఈ లక్షణం పుట్టుకతోనే వచ్చింది. 1938లో సూపర్‌మాన్‌ని లోకానికి పరిచయం చేసిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ క్లీవ్‌లాండ్ నగరంలో ఒకే హైస్కూల్లో చదివిన స్నేహితులు. ఇద్దరివీ వలస వచ్చిన యూదు కుటుంబాలు. వాళ్ళ హీరో పగలు కళ్ళజోడు పెట్టుకుని పత్రికాఫీసులో తలవంచుకుని తిరుగుతాడు. మా కాలం వాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ దూరదర్శన్‌లో 1997 నుంచి 2005 దాకా వచ్చిన శక్తిమాన్. ఎత్తుపళ్ళు, పెద్ద కళ్ళజోడుతో నవ్వులపాలయ్యే గంగాధరే శక్తిమాన్ అని మనకు తెలుసు, కథలో వాళ్ళకు తెలియదు. ఆ ఆనందం కోసమే చూసేవాళ్ళం.

2010లో బెంగుళూరులో ఉద్యోగంలో చేరాక, అమెరికాలో చదువుకుని వచ్చిన ఒక సహోద్యోగి ఇంట్లో శనివారం రాత్రుళ్ళు ఛాంపియన్స్ ఆడేవాళ్ళం. నా మొదటి హీరో గోడ అవతలి గుసగుస కూడా వినగలడు. నలభై మంది పడుకునే గదిలో ఐదేళ్ళు నిద్రపోయినవాడికి ఆ శక్తి తట్టడంలో వింతేమీ లేదు. శక్తులు రాయడం పది నిమిషాల్లో అయిపోయింది. ‘రహస్యం’ అనే గడి దగ్గర మాత్రం పెన్ను ఆగింది. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నాకూ ఒక రహస్యం ఉండేది. పది దాకా ఎక్కడ చదివావని ఎవరడిగినా ‘టౌన్లో’ అని ఊరుకునేవాణ్ణి. ఎందుకో ఈ పత్రిక చదివేవాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. అలాంటి రహస్యం మోయడం కూడా ఒక పనేననీ, దానికి మనిషి ప్రతిరోజూ ఎంతో కొంత ఖర్చు పెడుతుంటాడనీ ఒక ఆట పుస్తకం గుర్తించింది. గుర్తించి, పక్కనే ‘15 పాయింట్లు’ అని రాసింది.

మన హాస్టల్లో ఒక ఆదివారం

2022 జూలైలో పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు వాన వల్ల వాలీబాల్ పోటీ ఆగిపోయింది. వార్డెన్ గారి అనుమతితో స్టడీ హాల్లో ఐదుగురు తమ్ముళ్ళతో ఈ ఆట మొదలుపెట్టాను. అంకెల్ని బాగా తగ్గించాను. ఒక్కొక్కరికి 20 పాయింట్లు, ఒక్కో ఇబ్బందికి మరో 5, మూడు ఇబ్బందుల దాకా రాసుకోవచ్చు.

ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు పది మందిగా మారే హీరోని రాశాడు. బలహీనత ఏమిట్రా అంటే ‘పది మందికీ ఒకేసారి ఆకలేస్తుందన్నా’ అన్నాడు. పదో తరగతి అతను రాతి చేతుల మనిషిని రాసి ‘రోలు’ అని పేరు పెట్టాడు. నీళ్ళలో దిగితే మునిగిపోతాడు. ఇంకొకడి హీరోకు ఎవరు అబద్ధం చెప్పినా చెవి దురద పెడుతుంది, కానీ తను కూడా అబద్ధం చెప్పలేడు. నాలుగోవాడు చేతుల్లోంచి కరెంటు పుట్టించే ‘డైనమో’. కాపాడుకోవాల్సిన మనిషి అన్న గడిలో ‘అమ్మ, నాట్లకు పోతుంది’ అని రాశాడు. మాస్కులు వద్దన్నారు. ‘ఎవరు కుట్టిస్తారన్నా’ అన్నారు.

ఐదోవాడు తొమ్మిదో తరగతి. అతని హీరో పేరు గిజిగాడు, ఎగురుతాడు. రహస్యం అన్న గడిలో రాసింది చూసి నేను రెండుసార్లు చదివాను. ‘హాస్టల్లో ఉంటాడని బడిలో తెలియదు. మామయ్య ఇంట్లో ఉంటానని చెప్పాడు.’ ఎగరగలడన్న సంగతి దాచుకోడా అని అడిగాను. ‘ఎగురుతాడని తెలిస్తే ఏమవుతుందన్నా? ఇది తెలియకూడదు’ అన్నాడు. ఎంత తరచుగా వస్తుంది, ఎనిమిదా, పదకొండా అంటే ‘బడికి రోజూ పోవాలి కదా, పద్నాలుగు పెట్టు’ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఐదు పాయింట్లు రాసుకుని ఎగిరే శక్తికి కలుపుకున్నాడు.

మొదట పాచికలు వేశాను. డైనమో అమ్మకు 9 పడింది, గిజిగాడి రహస్యానికి 12 పడింది. అంటే రెండూ ఆ రోజు కథలోకి రావాల్సిందే. కథ వాళ్ళకు తెలిసిన చోటే పెట్టాను. ఇసుకాసురుడు అనే విలన్ రాత్రుళ్ళు వాగులో ఇసుక తవ్వేసి చప్టా కింద బోలు చేశాడు. సాయంత్రం వాన, వాగు పొంగింది. నాట్లు వేసి వస్తున్న పదకొండు మంది కూలీల ఆటో చప్టా మధ్యలో ఆగిపోయింది. అందులో డైనమో అమ్మ ఉంది. మూడు విడతల్లో చప్టా కూలుతుంది. గిజిగాడు ఒక విడతకు ఒక్కరినే మోయగలడు. రోలు నీళ్ళలో దిగలేడు. పది మందిగా మారేవాడు గొలుసుగా నిలబడగలడు గానీ పట్టుకోవడానికి తాడు లేదు. ఒడ్డున ట్యూషన్ నుంచి వస్తున్న గిజిగాడి క్లాసువాళ్ళు నిలబడి చూస్తున్నారు.

తాడు ఆలోచన వాళ్ళదే. హాస్టల్ దుప్పట్లన్నీ ముడివేస్తే తాడవుతుంది. హాస్టల్ వాగుకు దగ్గరే, పిలిస్తే వినపడుతుంది. కానీ పిలవాల్సింది పైన ఎగురుతున్నవాడు. అక్కడి నుంచి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిస్తే, వాళ్ళు ‘వస్తున్నాంరా’ అని గవర్నమెంటు దుప్పట్లతో పరుగెత్తుకొస్తే, ఒడ్డు మీద ఉన్నవాళ్ళకు మామయ్య ఇల్లు ఏదో తెలిసిపోతుంది.

‘నువ్వేం చేస్తావు?’ అన్నాను. అలాంటప్పుడు ఆట నడిపేవాడు చేయాల్సింది ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం. సలహా ఇవ్వకూడదు, కళ్ళతో కూడా చెప్పకూడదు. బయట వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. డైనమో ఏమీ అడగలేదు, పెన్సిల్ ములుకు చూసుకుంటూ కూర్చున్నాడు. ‘వాళ్ళమ్మ కచ్చితంగా అందులో ఉందా అన్నా?’ అని గిజిగాడు అడిగాడు. ఉందన్నాను. ‘అయితే హాస్టల్ వైపు తిరిగి అరుస్తా. అందరి పేర్లూ పెట్టి అరుస్తా’ అన్నాడు.

దుప్పట్ల తాడు నిలవడానికి 11 లోపు పడాలి. 13 పడింది. ముడి ఒకటి జారింది. పందెం తప్పితే కథ ఆగిపోకూడదు, కష్టం ఇంకో రూపంలో రావాలి. అందుకని తాడు కొస పట్టుకోవడానికి ఎవరో ఒకరు నీళ్ళలో దిగాలన్నాను. రోలు దిగాడు, మునిగిపోతానని తెలిసీ మెడలోతు దాకా దిగాడు. పదకొండు మందీ ఒడ్డుకు చేరారు. ఆటో మాత్రం కొట్టుకుపోయింది. కేకలు విని కామాటి అన్న ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు.

ఆట అయ్యాక ఒక చిక్కు మిగిలింది. రహస్యం బయటపడింది కాబట్టి దానికి తీసుకున్న ఐదు పాయింట్లు తిరిగి కట్టాలి. ‘అవి ఎగరడానికి ఖర్చయిపోయాయి కదన్నా’ అన్నాడు. అప్పుగా రాసుకున్నాం. ఆ రోజు ఆడినందుకు ఒక్కొక్కరికి రెండు పాయింట్లు ఇచ్చాను. అవి పోగా మూడు మిగిలాయి. ‘ఇంకో రెండు ఆదివారాలు ఆడితే తీరిపోతుంది’ అని అందరికంటే ముందు లెక్క చెప్పింది డైనమో. ఆ రెండు ఆదివారాలూ నేను లేను. పదో తరగతి అతనే కథ తయారుచేసి నడిపించాడు.

గిజిగాణ్ణి రాసిన తమ్ముడు బడిలో నిజంగా ఎవరికైనా చెప్పాడో లేదో నేను అడగలేదు. ఆట వేరు, బతుకు వేరు. బతుకులో ఆ మాట ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది మోసేవాడే. దాచుకున్నవాణ్ణి పిరికివాడు అనే హక్కు మోయనివాళ్ళకు లేదు. ఆట చేయగలిగింది ఇంతే. ఆ అరుపు ఎలా ఉంటుందో, అరిచాక పక్కన ఎవరు నిలబడతారో, పోతే ఐదు పాయింట్లే పోయే చోట ఒకసారి చూపిస్తుంది.

మీరు ఆడాలనుకుంటే

పాత్ర తయారు చేసేటప్పుడు నోటు పుస్తకంలో ఒక పేజీకి ఆరు గడులు గీయండి. పేరు, శక్తులు, బలహీనతలు, కాపాడుకోవాల్సిన మనిషి, రహస్యం, మూలకథ. శక్తులు రెండు చాలు. ఎక్కువ శక్తులున్నవాడికి ఎవరితోనూ పని పడదు, పని పడనివాడితో కథ నడవదు. మూలకథ అంటే ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడన్నది. సినిమాల్లోని నగరాలు అక్కర్లేదు. మీ ఊరు, మీ వాగు, మీ బస్టాండు రాయండి. తెలిసిన చోటైతే అబద్ధం రాయలేరు.

ఆట నడిపేవాళ్ళకు నాలుగు మాటలు. ఒకటి, ముగింపు ముందే రాసుకోవద్దు. విలన్ ఏం కావాలనుకుంటున్నాడు, ఎవరూ అడ్డుపడకపోతే ఏం జరుగుతుంది అన్నవి మాత్రం రాసుకోండి. రెండు, ప్రతి పేజీ మీద రాసిన ఒక్క విషయమైనా ఆ రోజు కథలోకి రావాలి. అమ్మ పేరు రాసుకున్నవాడికి అమ్మ కనబడాలి. మూడు, గట్టిగా మాట్లాడేవాడే ఆటంతా ఆడేస్తాడు కాబట్టి వరుసగా అందరినీ అడగండి. మాట్లాడనివాడి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. నాలుగు, కులం, రంగు, ఒళ్ళు, అమ్మానాన్నల పని, వీటి మీద హాస్యం ఈ ఆటలో లేదు. ఎవరైనా ‘ఆపు’ అంటే కారణం అడక్కుండా ఆ సన్నివేశం ఆపి ముందుకు పోవాలి.

పందెం లెక్క కూడా చెబుతాను. మామూలు పనికి 11 లోపు పడాలి. తన శక్తితో చేసే పనికి 14 లోపు పడితే చాలు. చాలా కష్టమైన పనికి 8 లోపు పడాలి. అవుతుందని అందరికీ తెలిసిన పనికి పాచికలు వేయకండి, ఎలాగూ కాని పనికి కూడా వేయకండి. ‘మాస్క్స్’లో ఒక మంచి పద్ధతి ఉంది, పందెం తప్పినప్పుడల్లా ఒక గీత గీసుకుంటారు. ఐదు గీతలైతే పాత్ర ఒక మెట్టు ఎదుగుతుంది. దాన్ని మీరూ వాడుకోండి.

నేను తెచ్చిన మూడు పాచికలు అగ్గిపెట్టెలో పెట్టి లైబ్రరీ బీరువా పై అరలో ఉంచాను. ఒకటి పోయినా ఆట ఆపవద్దు. ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు రాసి మడిచి, కళ్ళు మూసుకుని మూడుసార్లు తీయండి. తీసిన చీటీ ప్రతిసారీ మళ్ళీ కలిపితే లెక్క సరిగ్గా పాచికల లెక్కే. పరీక్షల నెలలో మాత్రం అగ్గిపెట్టె వార్డెన్ గారికి ఇచ్చేయండి. ఆయనకూ ఒక పాత్ర రాసిపెట్టమని అడుగుతున్నారు.

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి, 2003 పదో తరగతి